మెట్లు కడిగితే కళ ఎలా అవుతుంది? మియర్ల్ యూకలీస్ నిరసనను అర్థం చేసుకోవాలంటే

స్త్రీవాద కళ గురించి ఎక్కడ చదివినా ఒక పాత నలుపు తెలుపు ఫొటో ఎదురవుతుంది. ఒకావిడ రాతి మెట్ల మీద బకెట్‌తో నీళ్లు గుమ్మరిస్తూ ఉంటుంది. ఇంకో ఫొటోలో అదే మనిషి మోకాళ్ల మీద కూర్చుని గుడ్డతో నేల తుడుస్తూ ఉంటుంది. ఆమె పేరు మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్. చోటు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరం, వాడ్స్‌వర్త్ ఎథీనియం అనే మ్యూజియం. కాలం 1973 జులై. ఇది నిరసన అనీ, పైగా గొప్ప కళాఖండం అనీ పుస్తకాల్లో రాసి ఉంటుంది.

చూసినవాళ్లకు వెంటనే వచ్చే సందేహం ఒకటే. ఇందులో కళ ఏముంది? మా అమ్మ రోజూ చేసే పనే కదా?

ఆ సందేహం సరైనదే. యూకలీస్ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టారు. మీ అమ్మ రోజూ చేసే పనికి పేరూ డబ్బూ గౌరవం లేకుండా, మ్యూజియంలో ఒకరు చేసిన పనికి అవన్నీ ఎందుకు ఉన్నాయని అడగడమే ఆమె ఉద్దేశం. అయితే ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎంత దూరం వెళ్లింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తెలియకపోతే ఆ ఫొటో ఏదో వింత చేష్టలా మిగిలిపోతుంది.

స్త్రీవాద కళ అంటే ఆడవాళ్ల బొమ్మలు కాదు

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఆడవాళ్లు గీసిన ప్రతి బొమ్మా స్త్రీవాద కళ కాదు. ఆడవాళ్లను అందంగానో, బలంగానో చూపించిన బొమ్మ కూడా తప్పనిసరిగా స్త్రీవాద కళ కాదు. 1960ల చివర్లో అమెరికా, బ్రిటన్లలో ఈ పేరుతో మొదలైన ఉద్యమం రెండు విషయాలు పట్టుకుంది. ఒకటి, మ్యూజియంలు, గ్యాలరీలు, ఆర్ట్ స్కూళ్లు ఎవరిని కళాకారులుగా లెక్కేస్తున్నాయి? రెండు, ఏ అనుభవాలు కళకు పనికొస్తాయని, ఏవి పనికిరావని ఎవరు నిర్ణయిస్తున్నారు?

మొదటి విషయం మీద వీధుల్లోనే పోరాటం జరిగింది. 1970లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ముందు మహిళా కళాకారులు నిరసన చేశారు. ప్రదర్శనలో సగం చోటు మహిళలకు ఇవ్వాలన్నది వాళ్ల డిమాండ్. అందులో ముందున్న ఫెయిత్ రింగోల్డ్ అప్పటికి బడిలో టీచర్‌గా పనిచేస్తూ బొమ్మలు వేస్తున్న నల్లజాతి మహిళ. తర్వాత 1985లో పుట్టిన గెరిల్లా గర్ల్స్ బృందం గొరిల్లా ముసుగులు తొడుక్కుని, మ్యూజియంల లెక్కలు తీసి పోస్టర్లు అంటించింది. 1989 నాటి వాళ్ల పోస్టర్ ప్రకారం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళ విభాగాల్లో మహిళా కళాకారులు 5 శాతం లోపే, నగ్న చిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్లవి.

రెండో విషయం ఇంతకంటే చిక్కైనది. దాన్ని లెక్కలతో చూపించలేం. యూకలీస్ చేసిందంతా ఈ రెండో దాని గురించే.

బిడ్డ పుట్టాక ఆమెకు ఎదురైనది

యూకలీస్ 1939లో డెన్వర్‌లో ఒక యూదు మతగురువు ఇంట్లో పుట్టారు. న్యూయార్క్‌లో చదువుకున్నారు. 1960లలో గుడ్డలు కుక్కి ఉబ్బెత్తుగా చేసే శిల్పాలు చేసేవారు. జాక్సన్ పొలాక్, మార్సెల్ డ్యూషాం, మార్క్ రోత్కో వంటి పేరున్న ఆధునిక కళాకారులు ఆమెకు ఆదర్శం. కళాకారుడంటే స్వేచ్ఛ, ఎవరికీ కట్టుబడకపోవడం అని ఆ తరమంతా నమ్మింది. ఆమె కూడా నమ్మారు.

1968లో మొదటి బిడ్డ పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడే ఒక మాస్టారు, ఇక నువ్వు ఆర్టిస్టువి కాలేవన్న అర్థంలో మాట్లాడారని ఆమె చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. బిడ్డ పుట్టాక వారాన్ని రెండుగా చీల్చుకున్నారు. సగం రోజులు తల్లి, సగం రోజులు కళాకారిణి. తన ఆదర్శ పురుషుల్లో ఎవరూ పిల్లల గుడ్డలు మార్చలేదన్న సంగతి అప్పుడు తట్టింది. స్వేచ్ఛ గురించి వాళ్లు చెప్పిందంతా, ఇంట్లో ఇంకెవరో చాకిరీ చేస్తుంటేనే సాగే స్వేచ్ఛ.

బయట ఊళ్లో కూడా అదే ప్రశ్న వేరే రూపంలో ఉంది. 1968 ఫిబ్రవరిలో న్యూయార్క్ పారిశుధ్య కార్మికులు తొమ్మిది రోజులు సమ్మె చేశారు. వీధుల్లో చెత్త గుట్టలు పేరుకుపోయాయి. అదే నెలలో అమెరికా దక్షిణాన ఉన్న మెంఫిస్ నగరంలో ఇద్దరు నల్లజాతి కార్మికులు చెత్త బండి యంత్రంలో నలిగి చనిపోయారు. ఆ తర్వాత అక్కడ దాదాపు 1,300 మంది సమ్మెకు దిగారు. నేనూ మనిషినే అన్న ప్లకార్డులు పట్టుకుని నడిచారు. వాళ్లకు మద్దతుగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే హత్యకు గురయ్యారు. ఊరిని శుభ్రం చేసే మనిషికి ఊళ్లో విలువ లేదన్న మాట ఆ రెండు సమ్మెలతో అమెరికాలో ప్రతి ఇంటికీ చేరింది.

కొత్తది కట్టే పని, ఉన్నది నిలబెట్టే పని

1969లో ఆమె ఒక మేనిఫెస్టో, అంటే కళ గురించి తన ఆలోచనల ప్రకటన, రాశారు. టైపు కొట్టిన నాలుగు పేజీలు. దాని పేరులోనే ‘మెయింటెనెన్స్ ఆర్ట్’ అన్న మాట ఉంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు మెయింటెనెన్స్ అంటే నెలనెలా కట్టే డబ్బు గుర్తొస్తుంది. ఆమె దాన్ని చాలా పెద్ద అర్థంలో వాడారు. ఆ మేనిఫెస్టో ప్రకారం లోకంలో పని రెండు రకాలు. ఒకటి డెవలప్‌మెంట్, అంటే కొత్తది పుట్టించడం, కట్టడం, కనిపెట్టడం. రెండోది మెయింటెనెన్స్, అంటే పుట్టించినదాన్ని కాపాడటం, కట్టినదాని దుమ్ము దులపడం, తిండి పెట్టడం, అంట్లు తోమడం, చెత్త ఎత్తడం. మొదటిదానికి పేరు, బహుమతి, చరిత్రలో చోటు. రెండోది ఇంట్లో అయితే జీతం ఉండదు, బయట అయితే అతి తక్కువ జీతం. అందులో ఆమె వేసిన ఒక ప్రశ్న బాగా ప్రసిద్ధి. విప్లవం అయిపోయాక, సోమవారం పొద్దున చెత్త ఎవరు ఎత్తుతారు?

ఆ ప్రశ్న గురి ఎవరి మీదన్నది గమనించాలి. అప్పట్లో కొత్తదనం, విప్లవం అంటూ మాట్లాడిన కళాకారులు ఎక్కువగా వామపక్ష భావాలున్న మగవాళ్లు. ఆమె వాళ్లతోనే తగువు పెట్టుకున్నారు. మీరు తెచ్చే కొత్త లోకంలో కూడా అంట్లు తోమేది మేమేనా అని.

మేనిఫెస్టోలో ఒక ప్రదర్శన ప్రతిపాదన కూడా ఉంది. భర్తతో, బిడ్డతో మ్యూజియంలోనే కాపురం ఉంటాను, ఊడుస్తాను, వండుతాను, అదే ప్రదర్శన అన్నారు. రకరకాల పనులు చేసే 50 మందిని ఇంటర్వ్యూ చేసి పెడతానన్నారు. రోజూ ఒక చెత్త బండి సరుకు, మురికి గాలి, హడ్సన్ నది మురికి నీళ్లు మ్యూజియంకు తెప్పించి, నిపుణుల చేత శుభ్రం చేయించి చూపిస్తానన్నారు. విట్నీ మ్యూజియం ఒప్పుకోలేదు. అయితే 1971 జనవరిలో ‘ఆర్ట్‌ఫోరం’ పత్రికలో విమర్శకుడు జాక్ బర్నమ్ అందులోని భాగాలు ప్రచురించడంతో ఆ కాగితాలు బయటి ప్రపంచానికి తెలిశాయి.

ఇంటి పని మీద అప్పట్లో మాట్లాడింది ఆమె ఒక్కరే కాదు. 1972లో సెల్మా జేమ్స్, సిల్వియా ఫెడెరిచి తదితరులు ఇంటి పనికి జీతం ఇవ్వాలన్న ఉద్యమం మొదలుపెట్టారు. అదే ఏడాది లాస్ ఏంజెలస్‌లో జూడీ షికాగో, మిరియమ్ షపీరో తమ విద్యార్థినులతో కలిసి ఒక పాడుబడ్డ ఇంటినే ప్రదర్శనగా మార్చారు. యూకలీస్ దారి వేరు. ఆమె ఇంటి పనిని మ్యూజియంలోకి తెచ్చారు. అక్కడి నుంచి మ్యూజియంలో, నగరంలో జీతానికి చేసే శుభ్రం పనిదాకా వెళ్లారు.

ఒకే అద్దం, మూడు చేతులు

హార్ట్‌ఫర్డ్‌కు ఆమెను తీసుకొచ్చింది విమర్శకురాలు లూసీ లిపార్డ్ కూర్చిన ఒక ప్రదర్శన. అందులో ఉన్నవాళ్లంతా మహిళలే. అక్కడ చేసిన వాటిలో మెట్లు కడిగిన ఫొటోకే పేరొచ్చింది. కానీ ఆమె ఆలోచన అర్థం కావాలంటే నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అది ఒక అద్దాల పెట్టె కథ.

మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. ఆ అద్దాన్ని మామూలుగా మ్యూజియం క్లీనింగ్ ఉద్యోగి తుడుస్తాడు. అది అతని డ్యూటీ. యూకలీస్ ముందు అతన్ని ఎప్పటిలాగే తుడవమన్నారు. తర్వాత అదే అద్దాన్ని తను తుడిచారు. తుడిచి, ఇది అసలైన మెయింటెనెన్స్ ఆర్ట్ అని ముద్ర వేశారు.

ఇప్పుడు అద్దం సంగతి మారిపోయింది. ఆ శుభ్రమైన అద్దం ఇక కళాఖండం. మ్యూజియం నియమాల ప్రకారం కళాఖండాన్ని క్లీనింగ్ ఉద్యోగి ముట్టుకోకూడదు. దాన్ని శుభ్రం చేసే అధికారం కన్సర్వేటర్‌కే ఉంటుంది, అంటే కళాఖండాలను కాపాడే చదువు చదివి ఆ ఉద్యోగంలో ఉన్న నిపుణుడికి. అలా మూడోసారి అతను వచ్చి, అద్దం పరిస్థితిని పరిశీలించి, తుడిచాడు.

ఒకే అద్దం, ఒకే దుమ్ము. ఒకే కదలిక కూడా. ఆమె తుడవడానికి వాడింది పసిపిల్లలకు కట్టే గుడ్డలు. అలాంటి మెత్తని గుడ్డలనే మ్యూజియంలలో కన్సర్వేటర్లు విలువైన వస్తువులు తుడవడానికి వాడతారు. అంటే తల్లి చేతిలో ఉన్నప్పుడు మురికి గుడ్డగా కనిపించేదే నిపుణుడి చేతిలో పరికరం. మొదటిసారి తుడిచినప్పుడు అది గంట జీతం పని. రెండోసారి కళ. మూడోసారి వృత్తి నైపుణ్యం. పనిలో తేడా ఏమీ లేకపోయినా చేసేవాళ్ల హోదాను బట్టి విలువ మూడు రకాలుగా పలికింది.

ఇంటి పని గొప్పది, పవిత్రమైనది అని ఆమె అంటున్నారని చాలామంది పొరబడతారు. అలా అనలేదు. మేనిఫెస్టోలోనే ఈ పని విసుగు పుట్టిస్తుందని, టైమంతా తినేస్తుందని మొహమాటం లేకుండా రాశారు. ఆమె వాదన పని గొప్పదనం గురించి కాదు. విలువ పనిలోంచి రావడం లేదు, పని చేసే మనిషికి సమాజం ఇచ్చే స్థానంలోంచి వస్తోంది అన్నదే ఆ వాదన.

మెట్లు కడిగిన ఘట్టం కూడా ఈ వెలుగులో చూస్తే వేరుగా కనిపిస్తుంది. బయట నాలుగు గంటలు, లోపల నాలుగు గంటలు, అంటే సరిగ్గా ఒక షిఫ్టు. సందర్శకులు నడిచి వెళ్తుంటే వాళ్ల అడుగుల జాడల వెనకే మళ్లీ తుడుస్తూ పోయారు. మామూలు రోజుల్లో ఈ పని సందర్శకులు రాకముందో, వెళ్లాకో జరుగుతుంది. ఆ రోజు మాత్రం వాళ్ల కళ్లెదుటే జరిగింది.

300 మంది, రోజుకో గంట

1976లో విట్నీ మ్యూజియంకు న్యూయార్క్ వాటర్ స్ట్రీట్‌లో ఒక పెద్ద ఆఫీసు భవనంలో శాఖ ఉండేది. ఆ భవనంలో పనిచేసే 300 మంది మెయింటెనెన్స్ సిబ్బందికి యూకలీస్ ఒక విన్నపం చేశారు. డ్యూటీలో రోజూ ఏదో ఒక గంట ఎంచుకోండి, ఆ గంట మీరు చేసే పనిని కళ అనుకోండి. పని మార్చక్కర్లేదు, అదనంగా ఏమీ చెయ్యక్కర్లేదు. ఆమె తిరుగుతూ పోలరాయిడ్ ఫొటోలు తీసేవారు. ఇప్పుడు మీరు చేస్తున్నది పనా, కళా అని అడిగి, వాళ్లు చెప్పిన జవాబునే ఫొటో కింద రాసి గోడకు అంటించేవారు. మొత్తం 720 ఫొటోలయ్యాయి.

కళ ఏది అన్నది తేల్చే అధికారం అక్కడ కార్మికుడి చేతికి వచ్చింది. ఇద్దరు పక్కపక్కనే ఒకే పని చేస్తూ, ఒకరు పని అని, ఇంకొకరు కళ అని చెప్పొచ్చు. ఎవరినీ ఆమె దిద్దలేదు.

ఈ ప్రదర్శన మీద ‘విలేజ్ వాయిస్’ పత్రికలో డేవిడ్ బోర్డన్ అనే విమర్శకుడు రాస్తూ ఒక చమత్కారం విసిరారు. నగర పారిశుధ్య శాఖ కూడా తన పనిని పర్ఫార్మెన్స్, అంటే ప్రదర్శన కళ, అని పిలిస్తే, బడ్జెట్ కోతలకు బదులు కళలకిచ్చే గ్రాంట్ తెచ్చుకోవచ్చు అని. న్యూయార్క్ అప్పుడు దివాలా అంచున ఉంది. 1975లో పారిశుధ్య కార్మికులను వేల సంఖ్యలో తీసేశారు. యూకలీస్ ఆ మాటను నిజంగానే తీసుకుని, పత్రిక కత్తిరింపును పారిశుధ్య శాఖ కమిషనర్‌కు పంపారు. అటు నుంచి పిలుపొచ్చింది. 1977 నుంచి ఆమె ఆ శాఖకు ఆస్థాన కళాకారిణి. జీతం లేదు.

8,500 కరచాలనాలు

1979 జులై 24 నుంచి 1980 జూన్ 26 వరకు ఆమె చేసిన పని పేరు ‘టచ్ శానిటేషన్’. నగరంలోని 59 డిస్ట్రిక్టులూ తిరిగి, 8,500 మంది పారిశుధ్య కార్మికుల్లో ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి, చెయ్యి కలిపి, న్యూయార్క్‌ను బతికిస్తున్నందుకు థ్యాంక్స్ అని చెప్పారు.

వినడానికి తేలిగ్గా ఉంటుంది. చెయ్యడానికి దాదాపు ఏడాది పట్టింది. తెల్లవారుజామున హాజరు పిలిచే వేళకే గ్యారేజీకి వెళ్లేవారు. షిఫ్టు మొదలయ్యాక బండి వెంట నడిచేవారు. కార్మికులు వంగే తీరు, డబ్బా ఎత్తే తీరు, బండిలోకి విసిరే తీరు చూసి అదే పద్ధతిలో తన ఒంటితో చేసి చూపించేవారు. చెత్త డంపింగ్ యార్డులకు కూడా వెళ్లారు. నేను మిమ్మల్ని పరిశోధించడానికి రాలేదు, మీతో ఉండటానికి వచ్చాను అని ప్రతి చోటా ముందుగా చెప్పేవారు.

ఆ క్రమంలో ఒక కార్మికుడు ఆమెకు తన పాత అవమానం ఒకటి చెప్పాడు. పదిహేడేళ్ల కిందట, మండే ఎండలో బండి నింపి, అలసిపోయి, తోటివాళ్లతో కలిసి ఒక ఇంటి ముందు మెట్ల మీద కూర్చున్నాడు. ఆ ఇంటావిడ తలుపు తీసి, కంపు కొట్టే చెత్త మనుషులు, నా ఇంటి ముందు నుంచి లేవండి అని గసిరింది. ఆ మాట పదిహేడేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉందని, ఈ రోజు అది పోయిందని చెప్పి, ఇది గుర్తుపెట్టుకుంటారా అని అడిగాడు.

ఆమె గుర్తుపెట్టుకున్నారు. 1984లో చేసిన పెద్ద ప్రదర్శనలో ఆ ఇంటి ముందు భాగాన్ని గ్యాలరీ దగ్గర తయారుచేయించి, కార్మికులను జనం పిలిచే తిట్లన్నీ అద్దాల మీద రాయించారు. తర్వాత నగరంలో రకరకాల హోదాల్లో ఉన్నవాళ్లను పిలిచి, ఆ తిట్లను వాళ్ల చేతుల్తోనే కడిగించారు. మురికి చేసినవాళ్లే కడగాలన్న ఈ ఆలోచన నాకు ఆమె పనులన్నింటిలోకీ సూటిగా అనిపిస్తుంది. అంతకుముందు 1983లో ఒక చెత్త బండికి చుట్టూ అద్దాలు బిగించి ఊరేగింపులో నడిపించారు. వీధిలో నిలబడి చూస్తున్నవాళ్లకు ఆ బండి మీద తమ మొహాలే కనిపించాయి.

ఇందులో ఆడవాళ్లు ఎక్కడున్నారు?

మొదటి అభ్యంతరం స్త్రీవాదుల నుంచే వస్తుంది. ఇంటి చాకిరీతో మొదలైన మనిషి చివరికి వేల మంది మగవాళ్ల చుట్టూ తిరిగింది. 1986 దాకా న్యూయార్క్ పారిశుధ్య శాఖలో చెత్త ఎత్తే ఉద్యోగాల్లో ఒక్క మహిళ కూడా లేదు. మరి దీన్ని స్త్రీవాద కళ అని ఎలా అంటాం?

సమర్థించేవాళ్ల జవాబు ఇలా ఉంటుంది. ఆ కార్మికులతో జనం ప్రవర్తించే తీరు, ఇంట్లో ఆడవాళ్లతో ప్రవర్తించే తీరులాంటిదే. చేసినంతకాలం కనిపించరు, ఒక రోజు ఆగిపోతే మాత్రం కోపం వస్తుంది. ఆడపని అని ముద్ర వేసిన చాకిరీ, మగవాడు చేసినా అతని విలువ తగ్గిస్తుందని ఆమె చూపించారు. హెలెన్ మోల్స్‌వర్త్ వంటి విమర్శకులు కూడా ఆమె పనిని ఇంటికీ బయటికీ మధ్య ఉన్న గోడను ప్రశ్నించినదిగానే చదివారు. ఈ జవాబులో బలం ఉంది. అయినా ఆ కార్మికులు షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్తే అక్కడ అంట్లు ఎవరు తోముతున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ‘టచ్ శానిటేషన్’ దాని జోలికి పోలేదు.

రెండో అభ్యంతరం వర్గం గురించి. చదువుకున్న కళాకారిణి ఒక రోజు మెట్లు కడిగితే చరిత్రలో పేరొస్తుంది. అదే మెట్లు పాతికేళ్లు కడిగినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. అద్దాల పెట్టె కథలో కూడా అందరూ చెప్పుకునే పేరు కళాకారిణిదే. దీనికి ఆమె పక్షాన చెప్పగలిగింది, సరిగ్గా ఆ తేడానే ఆమె బయటపెట్టారన్నది. కానీ తేడాను బయటపెట్టినవాళ్లే దానివల్ల లాభపడ్డప్పుడు ఆ జవాబు పూర్తిగా సరిపోదు.

మూడోది జాతికి సంబంధించింది. ఇంటి పనికి జీతం అన్న డిమాండ్ మీద నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ 1980ల మొదట్లో ఒక విమర్శ చేశారు. నల్లజాతి ఆడవాళ్లు తరాలుగా ఇతరుల ఇళ్లలో జీతానికే ఈ పని చేస్తున్నారు, జీతం వచ్చినంత మాత్రాన వాళ్లకు విముక్తి రాలేదు అన్నది ఆ విమర్శ సారం. ఇంటి పనిని అందరు ఆడవాళ్లకూ ఒకే రకమైన బరువుగా చూసే ఏ కళ అయినా దీనికి జవాబు చెప్పుకోవాలి. యూకలీస్ తన సొంత ఇంటితో ఆగకుండా జీతగాళ్ల దగ్గరికి వెళ్లడం, ఈ విమర్శకు కొంతవరకైనా జవాబు ఇచ్చింది.

మన దగ్గర ఈ కొలత పెడితే

యూకలీస్ ప్రశ్నలో ఇంటి భాగం మనకు సులువుగానే అతుకుతుంది. జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వాటిమీద పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఏడాదికి లెక్కేస్తే ఆడవాళ్లకు దాదాపు 1,758 గంటలు, అంటే ఎనిమిది గంటల షిఫ్టులు సుమారు 220. మగవాళ్లకు 67 షిఫ్టులు. ఇది ఆ పనులు చేసేవాళ్ల సగటు మాత్రమే. అసలు చెయ్యని మగవాళ్లు ఇందులో లెక్కకు రారు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పని కూడా ఇందులో లేదు, దాని లెక్క వేరే.

ఈ గంటలకు డబ్బు విలువ కట్టాల్సిన అవసరం కోర్టుల్లో నిజంగానే వస్తుంది. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే నష్టపరిహారం ఎంత? 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసు ఒకటి తేల్చింది. అందులో జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2019 నాటి ఇదే సర్వే అంకెలు చూపించి, గృహిణి పనికి ఊహాత్మక ఆదాయం లెక్కగట్టాలని చెప్పారు. అంటే మన చట్టం ప్రకారం ఆమె పనికి విలువ ఉంది. కాకపోతే ఆ లెక్క కట్టించుకోవాలంటే ఆమె ప్రమాదానికి గురవ్వాలి.

వీధి భాగం మాత్రం మన దగ్గర అలా అతకదు. న్యూయార్క్ కార్మికుడికి జరిగిన అవమానం ఉద్యోగం వల్ల వచ్చింది. ఉద్యోగం మారితే పోతుంది. మన దగ్గర చాలామందికి ఆ ఉద్యోగమే కులం వల్ల వచ్చింది, మారినా కులం పోదు. చెయ్యి కలపడం అక్కడ మర్యాద. అంటరానితనం ఉన్నచోట అది ఇంకా పెద్ద మాట, కానీ అంతే తేలిగ్గా తప్పుదోవ పట్టించే మాట కూడా.

ఈ తేడాను అందరికంటే సూటిగా చెప్పినవారు బెజవాడ విల్సన్. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, పాకీ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టి, ఆ పనిని అంతం చేయడానికి పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థను నడిపిన ఆయనకు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మనుషుల చేత మలమూత్రాలు ఎత్తించే పనికి ఆయన గౌరవం అడగరు. ఆ పనే ఉండకూడదు అంటారు. 1993లో, 2013లో చట్టాలు వచ్చింది కూడా అందుకే. 2019 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగినప్పుడు, అది వాళ్ల సేవకు దేశం ఇచ్చిన గౌరవమని చాలామంది మెచ్చుకున్నారు. మురుగు కాలువల్లో చనిపోతున్నవాళ్లకు కావాల్సింది దయ కాదు, న్యాయం అని విల్సన్ అన్నారు.

కాళ్లు కడగడం, చేతులు కలపడం ఒకటేనా? చేసినవాళ్ల అధికారం వేరు. యూకలీస్‌కు జీతాలు పెంచే అధికారం లేదు, యంత్రాలు కొనే అధికారం లేదు. ఆమె కార్మికుల షిఫ్టుల్లో తిరిగింది ఏడాది. అయినా విల్సన్ అడిగే ప్రశ్న ఆమెకూ వర్తిస్తుంది. థ్యాంక్స్ చెప్పాక మర్నాడు పొద్దున ఆ మనిషి పనిలో ఏం మారింది? మెచ్చుకోలు ముఖ్యమేనని, డబ్బు ఒక్కటే మనిషిని నిలబెట్టదని ఒక పక్షం అంటుంది. 2023 డిసెంబర్ చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల డిమాండ్లలో ముందున్నది మాత్రం జీతమే. నాకు ఈ రెండు పక్షాల్లో విల్సన్ మాటే బరువైనది. మురుగు కాలువలోకి మనిషి దిగే పని విషయంలో గుర్తింపు అడగడం సరిపోదు. ఇల్లు ఊడ్చే పని, వీధి ఊడ్చే పని ఎప్పటికీ ఉంటాయి కాబట్టి, వాటి విషయంలో యూకలీస్ ప్రశ్నకు చోటు ఉంది.

జీతం లేని ఆస్థాన కళాకారిణి

2016లో న్యూయార్క్ క్వీన్స్ మ్యూజియం ఆమె పనులన్నింటితో పెద్ద ప్రదర్శన పెట్టింది. 2020లో కోవిడ్ కాలంలో అదే మ్యూజియం గోడ మీద, టైమ్స్ స్క్వేర్ తెరల మీద, సబ్‌వేలో, నగర సేవా కార్మికులకు ఆమె థ్యాంక్స్ మళ్లీ కనిపించింది. అప్పటికి ఆమె వయసు ఎనభై దాటింది.

పారిశుధ్య శాఖ ఆమెకు ఆఫీసులో చోటిచ్చింది. పదవి పేరు ఇచ్చింది. గ్రాంట్లు, గ్యాలరీ, ఇతర ప్రాజెక్టుల డబ్బుతో పని నడిచింది తప్ప ఆ పదవికి జీతం రాలేదు. జీతం లేని పని గురించి జీవితమంతా మాట్లాడిన మనిషి అలా ఎందుకు ఒప్పుకున్నారన్నది విమర్శకులు అడిగే ప్రశ్న. జీతం తీసుకుంటే శాఖ ఉద్యోగి అయిపోయి, చెప్పాలనుకున్నది చెప్పే స్వేచ్ఛ పోయేదని కొందరి సమాధానం. కళ పేరుతో ఆడవాళ్ల చేత ఉచితంగా పని చేయించుకోవడానికి ఇది ఇంకో ఉదాహరణ అని ఇంకొందరి మాట. 2015లో న్యూయార్క్ నగర సాంస్కృతిక శాఖ, ఆమెనే నమూనాగా తీసుకుని, ప్రభుత్వ శాఖల్లో కళాకారులను నియమించే పథకం మొదలుపెట్టింది. అందులో చేరే కళాకారులకు నగరం డబ్బు చెల్లిస్తుంది.